తిరిగొచ్చే ఆయిలుకి దారి

లాల్‌ఖదాన్, బిలాస్‌పూర్

చి. బాబుకి,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. ట్రాక్టరు చిన్నదైనా పనికొస్తుంది, మొద్దులు చీల్చే మెషీనూ గట్టిదే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చిపోయాక, పడిపోయిన జీడి, పనస మొద్దుల్ని గొడ్డలితో చీల్చడమంటే ఏమిటో ఉద్దానంలో మనవాళ్లందరికీ తెలిసొచ్చింది. అడితిలో పనికి మనుషులు దొరకని ఈ రోజుల్లో నువ్వీ మెషీను కొన్నందుకు సంతోషం. పైపులు మాత్రం ఈ ఉత్తరం చదివాకే బిగించు.

ట్రాలీ లేపే పైపుకే తగిలిస్తే సరిపోతుందని మెకానిక్ అన్నాడని రాశావు. సరిపోదు నాయనా. ట్రాలీ జాకీకి ఉండేది ఒకటే పైపు. ఆయిలు వెళ్లి ట్రాలీని లేపుతుంది. దించేటప్పుడు ట్రాలీ బరువే ఆ ఆయిలుని అదే పైపులోంచి వెనక్కి తోసేస్తుంది. నీ మెషీను సిలిండరు పడుకుని ఉంటుంది, దాన్ని వెనక్కి తోసే బరువేదీ లేదు. ముందుకు వెళ్లాలన్నా వెనక్కి రావాలన్నా ఆయిలే నెట్టాలి. అందుకని ఆయిలు వెళ్లే పైపు ఒకటి, తిరిగొచ్చే పైపు ఒకటి, రెండూ కావాలి. అందరూ మొదటి పైపు గురించే ఆలోచిస్తారు. నన్నడిగితే రెండోదే ముఖ్యం.

ఎందుకంటే విను. నీ సిలిండరు లోపలి వ్యాసం 100 మి.మీ., రాడ్డు 50 మి.మీ., నడక 60 సెంటీమీటర్లు అన్నావు. పంపు నిమిషానికి 20 లీటర్లు ఇస్తుందనుకో. రాడ్డు పూర్తిగా బయటికి రావడానికి 4.7 లీటర్లు, అంటే 14 సెకన్లు. వెనక్కి వెళ్లేటప్పుడు రాడ్డు కొంత చోటు ఆక్రమిస్తుంది కాబట్టి మూడున్నర లీటర్లు చాలు, పదిన్నర సెకన్లలో వెళ్లిపోతుంది. ఆ పదిన్నర సెకన్లలోనే అవతలి వైపున్న 4.7 లీటర్లూ బయటపడాలి. లెక్కకడితే నిమిషానికి 26 లీటర్ల పైమాటే. పంపు ఇచ్చే దానికంటే తిరిగొచ్చేదే ఎక్కువన్నమాట! వెళ్లే హోసు అర అంగుళం వేస్తే, తిరిగొచ్చే హోసు ముప్పావు అంగుళానికి తగ్గకూడదు. ఇరుకు పైపు వేస్తే ఆయిలు వేడెక్కుతుంది, ఎండాకాలంలో మరీను.

ఆ రిటర్న్ హోసుని ట్రాక్టరు వెనక హోసులు తగిలించే రెండో కప్లరుకి పెట్టొద్దు. కప్లరు సగమే కూర్చుందనుకో, లోపలి బంతి దారి మూసేస్తుంది, పీడనం పెరిగిపోతుంది. మెషీను మీదున్న వాల్వులో రిటర్న్ వైపు అంత పీడనం తట్టుకునేలా తయారు కాలేదు, పగలొచ్చు. దానిలోని రిలీఫ్ వాల్వు కూడా కాపాడలేదు, అది వదిలే ఆయిలూ ఆ మూసుకుపోయిన దారిలోకే పోవాలి కదా. ట్రాక్టరు లీవరు ఎవరైనా పొరపాటున రెండో వైపుకి తోసినా అదే ప్రమాదం. రిటర్న్‌ని నేరుగా ట్రాక్టరు గేర్‌బాక్సులోకి, ఆయిలు మట్టానికి కింద తెరుచుకునేలా తీసుకెళ్లమను. పైనుంచి పడితే నురగ వస్తుంది. ఆ రంధ్రం ఎక్కడుందో నీ ట్రాక్టరు డీలరు చూపిస్తాడు.

చిన్న ట్రాక్టర్లలో చాలావాటికి గేర్‌బాక్సు ఆయిలే హైడ్రాలిక్ ఆయిలు. కొత్త సిలిండరూ హోసులూ నిండేసరికి మట్టం పడిపోతుంది. ఖాళీగా నాలుగుసార్లు ఆడించి, రాడ్డు లోపల ఉన్నప్పుడు డిప్‌స్టిక్ చూసి, అదే రకం ఆయిలు పొయ్యి. మెషీను పాతదైతే అందులో మిగిలిన ఆయిలు ముందే వంచేసెయ్. ఇక్కడ బొగ్గు దుమ్ము ఎంత సన్నంగా దూరుతుందో చూస్తూ బతికినవాణ్ని చెబుతున్నాను, కప్లర్లకు మూతలు లేకుండా ఒక్క పూట కూడా వదలకు.

బలం సంగతి అడిగావు. 150 బార్ దగ్గర ఆ సిలిండరు సుమారు 12 టన్నులు నెడుతుంది. ఎండిన జీడి ముడికి కూడా సాధారణంగా అది చాలు. చాలకపోతే మొద్దుని తిప్పి పెట్టుకో, రిలీఫ్ వాల్వు మాత్రం బిగించకు. నీ ట్రాక్టరు పంపు 20 లీటర్లలో సగమే ఇచ్చేదైతే పీటీవోకి (ట్రాక్టరు వెనక తిరిగే షాఫ్టుకి) తగిలించే విడి పంపు, దానికి సొంత ట్యాంకు కొనుక్కోవడమే మేలు. ఖర్చవుతుంది, కానీ గేర్‌బాక్సు ఆయిలు జోలికి పోనక్కర్లేదు.

ఇంకొకటి, దీన్ని రెండుసార్లు చదువు. హోసు ఎక్కడైనా చెమర్చినట్టు కనిపిస్తే చేత్తో తడమకు. సూది బెజ్జమంత చిల్లులోంచి వచ్చే ఆయిలు చర్మంలోకి దూరిపోతుంది. పైకి చీమ కుట్టినంతే ఉంటుంది, లోపల కండ కుళ్లిపోతుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడు. ఎవరికైనా తగిలితే నొప్పి లేకపోయినా వెంటనే సర్జన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లి, హైడ్రాలిక్ ఆయిలు లోపలికి పోయిందని స్పష్టంగా చెప్పండి. గంటలు గడిస్తే వేలే పోవచ్చు. ఏ పైపు విప్పాలన్నా ఇంజిను ఆపి, లీవరు అటూ ఇటూ ఆడించి పీడనం దించాకే విప్పు. మొద్దు పెట్టేవాడే లీవరు పట్టుకోవాలి. ఒకడు పెట్టడం, ఇంకొకడు లీవరు తొయ్యడం మన అడితిలో వద్దు.

ట్రాక్టరు పుస్తకంలో పంపు లీటర్లు, రిలీఫ్ పీడనం రాసిన పేజీ ఫోటో తీసి పంపు. హోసు మీద అచ్చేసిన పీడనం అంకె కూడా కనిపించేలా తియ్యి. అవి చూసి, తిరిగొచ్చే పైపు ఎక్కడ కలపాలో బొమ్మ గీసి పంపుతాను. అంతదాకా ఆ మెకానిక్‌ని ఆగమను.

మీ పెదనాన్న