భూమికా స్వీకారం: ఔచిత్య విచారం

నటుడు తనకు తగిన పాత్రను ఎన్నుకోవాలా, లేక ఎన్నుకొన్న పాత్రకు తాను తగినవాడు కావాలా? నాట్యశాస్త్రం భూమికా వికల్ప ప్రకరణంలో ఈ విషయాన్ని విచారించింది. నటుని వయోరూపాలకు సరిపడే పాత్ర అనురూపం. బాలుడు వృద్ధుడుగా, వృద్ధుడు బాలుడుగా నటిస్తే విరూపం. పురుషుడు స్త్రీ స్వభావాన్ని అభినయిస్తే రూపానురూపం. ఈ విభాగం ప్రధానంగా శరీరాశ్రితం. రాయలసీమ నటులు దీనికి స్వభావ సంబంధమైన మరొక ప్రశ్నను చేర్చారు.

ధర్మవరం ఇంటిపేరుగా గల రామకృష్ణమాచార్యులు (1853-1912) బళ్ళారిలో సరసవినోదినీ సభను స్థాపించి ఆంధ్ర నాటక పితామహుడుగా ప్రసిద్ధి కెక్కారు. ఆయన మేనల్లుడు బళ్ళారి రాఘవ (1880-1946) తాడిపత్రిలో జన్మించారు, వృత్తిచేత న్యాయవాది. హిరణ్యకశిపుడు, దుర్యోధనుడు మొదలైన పాత్రలను ధరించి మెప్పించారు. కోలాచలం శ్రీనివాసరావు రచించిన విజయనగర సామ్రాజ్య పతన నాటకంలో ఆయనకు కీర్తి తెచ్చినది పఠాన్ రుస్తుం పాత్ర. 1565 నాటి రాక్షసి-తంగడి యుద్ధం తరువాత రాజధాని పెనుకొండకు తరలింది. ఆ పతన స్మృతిని మోస్తున్న సీమలో, ఆ సీమ నటుడే పఠాను పాత్రతో సామాజికుల హృదయాలలో నిలవడం గమనింపదగినది. కక్షిదారు పక్షాన నిలిచి ఆలోచించే వృత్తి ఇందుకు తోడ్పడి ఉంటుందని ఊహింపవచ్చు.

రాఘవ రాగాలాపన ప్రాబల్యాన్ని తగ్గించి, భావప్రధానమైన వాచిక సాత్త్వికాలకు ప్రాముఖ్యమిచ్చారు. స్త్రీపాత్రలను స్త్రీలే ధరించాలన్నారు. సత్యభామగా స్థానం నరసింహారావు రూపానురూపానికి పరాకాష్ఠ కాగా, రాఘవ మార్గం అనురూపానికి మరలింది. స్త్రీలు స్త్రీపాత్రలు ధరించడం భరత సమ్మతమే కనుక ఇది శాస్త్రవిరోధం కాదు. అయితే స్వభావ విషయంలో ఆయన అనురూపాన్ని ఆశించలేదు. శరీరానికి అనురూపమైనా శీలానికి భిన్నమైన పాత్రలనే సాధించారు.

1985, 1989, 1994 ఎన్నికలలో హిందూపురం నుండి శాసనసభకు ఎన్నికైన నందమూరి తారకరామారావు చిత్రసీమలో ఈ దృక్పథానికి వేరొక ఉదాహరణ. కృష్ణుడుగా ప్రజలు ఆరాధించిన ఆ నటుడు, స్వీయ దర్శకత్వంలోని ‘దానవీరశూరకర్ణ’ (1977)లో కృష్ణ, కర్ణ, దుర్యోధన పాత్రలను మూడింటినీ ధరించారు. కృష్ణ పాత్రపై గల ఆరాధన దుర్యోధనుని అభిమాన ధనానికి అడ్డు రాలేదు.

కనుక పాత్రౌచిత్యాన్ని రూపసామ్యంతో మాత్రమే నిర్ణయించడం చాలదు. పాత్ర తన దృష్టిలో తాను ఎట్లు ధర్మబద్ధమో గ్రహించగలగడమే భూమికా స్వీకారానికి ముఖ్యార్హత. అది లోపించినచోట ఆహార్యం ఎంత సమకూరినా ప్రతినాయకుడు నిందాపాత్రుడుగా మాత్రమే మిగులుతాడు. నాయకుని విజయానికీ గౌరవం తగ్గుతుంది.