కానుగ గింజ

కానుగ చెట్టు మనకు కొత్త కాదు. పొద్దున దాని పుల్లతో పళ్లు తోముకుంటం. ఎండకాలం దాని నీడకు కూర్చుంటం. రొట్ట కోసి వరి మడిల తొక్కుతం. మన పెద్దలు కానుగ నూనెతో దీపాలు పెట్టేవారు.

ఆ నూనెతో ఇంజను కూడా నడుస్తది.

ఎండిన కాయలు ఏరాలి. కొట్టి గింజ తీయాలి. నాలుగు కిలోల గింజలు మర పట్టిస్తే సుమారు ఒక లీటరు నూనె వస్తుంది. ఈ నూనె చేదు, తినరాదు. మిగిలిన చెక్క పొలానికి మంచి ఎరువు. నూనెను బాగా వడపోయాలి. వడపోయకుండ పోస్తే ఇంజను పాడైతది.

ఆదిలాబాద్ జిల్లా జైనూరు మండలంలో పవర్‌గూడ అనే చిన్న గూడెం ఉంది. ఇప్పుడు అది కుమురం భీం జిల్లాలో ఉంది. అక్కడి పొదుపు సంఘాల ఆడవాళ్లు కానుగ మొక్కలు నాటారు. నూనె మర నడిపారు. 2003లో ప్రపంచ బ్యాంకు వాళ్లకు 645 డాలర్లు ఇచ్చింది. అప్పటి లెక్కన దాదాపు 29 వేల రూపాయలు.

నూనె కొన్నందుకా? కాదు. పొగ తగ్గిస్తున్నందుకు!

ఇదేం విచిత్రం అంటారా? చూడండి. డీజిల్ భూమి లోపలి నుంచి వస్తుంది. దాన్ని కాలిస్తే, ఎన్నో యుగాలుగా లోపల ఉన్నది పొగై గాలిలో కలుస్తుంది. దానితో భూమి వేడెక్కుతుంది. కానుగ నూనె కాలినా పొగ వస్తది. కాని చెట్టు పెరిగేటప్పుడు గాలి నుంచి తీసుకున్నదే అది. కొత్తగా కలిసేది తక్కువ.

అమెరికాలో ప్రపంచ బ్యాంకు ఒక సభ పెట్టింది. జనం విమానాల్లో వచ్చారు. ఆ పొగకు బదులుగా ఈ డబ్బు కట్టారు. పదేండ్లలో 51 టన్నుల కానుగ నూనె తీస్తే, డీజిల్ వాడకం తగ్గి 147 టన్నుల బొగ్గుపులుసు గాలి తగ్గుతుందని లెక్క కట్టారు.

అంటే టన్నుకు సుమారు 200 రూపాయలు. నాకైతే తక్కువే అనిపించింది. కాని పైసలు సంఘం చేతికే వచ్చినయి.

మన దగ్గర కాయలు ఎవరు ఏరుతరు? ఆడవాళ్లు, పిల్లలు. గింజలు ఎవరికి అమ్ముతున్నం? తూకం ఎవరు చూస్తున్నరు? ఈ రోజు సంఘంలో మాట్లాడండి.

లెక్క చేయండి: ఒక అక్క 20 కిలోల గింజలు ఏరింది. ఎన్ని లీటర్ల నూనె వస్తుంది?