ఇంకా వెదకని చోటు

సుందరకాండ పారాయణ చేసే భక్తులు మన తెలుగునాట ఊరూరా ఉన్నారు. పిల్లకు పెండ్లి కుదరకపోయినా, వ్యాజ్యం తెగకపోయినా, దేహంలో రోగం తగ్గకపోయినా సుందరకాండ పారాయణ చేయమని పెద్దలు చెప్పడం మన సంప్రదాయం. పారాయణ ఫలాన్ని గురించి నాకు సందేహం లేదు. అయితే 68 సర్గల ఆ కాండలో ఆంజనేయస్వామి ఏయే విఘ్నాన్ని ఏయే విధంగా దాటాడో గమనించి, దానిని మన నిత్యజీవితానికి అన్వయించుకోవడం కూడా పారాయణలో భాగమే. అర్థం తెలియక చదివినా పుణ్యమే. అర్థం తెలిసి చదివితే పుణ్యంతోపాటు దారి కూడా దొరుకుతుంది.

ఈ పాఠాన్ని నేను నాలుగు దశాబ్దాలపాటు విద్యార్థులకు చెప్పాను. అది నాకే సరిగా ఒంటబట్టలేదని డెబ్బది దాటిన తరువాత తెలిసింది. ఆ సంగతి కూడా దాచకుండా ఈ వ్యాసంలో మనవి చేస్తాను.

సముద్రం మీద మూడు విఘ్నాలు

మహేంద్రగిరి మీదినుండి ఎగిరిన హనుమంతునికి ఆకాశమార్గంలో మూడు అడ్డంకులు ఎదురయ్యాయి. మూడూ ఒక జాతివి కావు. అందుచేత స్వామి మూడింటికీ ఒకే ఉపాయం ప్రయోగించలేదు.

మొదటిది మైనాకుడు. ఇక్ష్వాకు వంశీయుడైన సగరుని వల్ల వృద్ధి పొందిన సముద్రుడు, రామకార్యానికై వెళ్ళేవాడు అలసిపోకూడదని ఆ బంగారు పర్వతాన్ని పైకి పంపాడు. పూర్వం ఇంద్రుడు పర్వతాల రెక్కలు ఖండించినప్పుడు వాయుదేవుడు తనను కాపాడినాడన్న కృతజ్ఞత మైనాకునికి ఉన్నది. ఇది స్నేహరూపంలో వచ్చిన విఘ్నం. హనుమ దానిని తూలనాడలేదు, దాని మీద కూర్చోనూ లేదు. ఆదరంతో చేతితో స్పృశించి, ఆతిథ్యం అందినట్లే భావించుమని, కాలం మించిపోతున్నదని చెప్పి సాగిపోయాడు. మన పనికి అడ్డువచ్చే వాటిలో సగం ఇటువంటివే. చుట్టము, విశ్రాంతి, కాలక్షేపము, ఇవేవీ చెడ్డవి కావు. వాటిని గౌరవించి ముందుకు సాగడమే వాటికి తగిన ఉపాయం.

రెండవది సురస. నాగమాత అయిన ఆమెను దేవతలే పరీక్షార్థం పంపారు. తన నోటిలో ప్రవేశించక ఎవ్వరూ దాటిపోరాదన్నది బ్రహ్మ తనకిచ్చిన వరమని ఆమె మాట. స్వామి మొదట వినయంతో వేడుకున్నాడు. సీతను చూచి, రామునికి ఆ వార్త తెలిపి, తిరిగి వచ్చి నీ నోట పడతానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. అప్పుడు ఆయన దేహం పెంచాడు, ఆమె నోరు పెంచింది. ఇరువురూ యోజనాల లెక్కన పెరుగుతూ పోయారు. ఈ పోటీకి అంతం లేదని గ్రహించిన మరుక్షణం ఆయన బొటనవ్రేలంత అయిపోయి, ఆమె నోటిలో దూరి, బయటికి వచ్చి, నీ వరం నెరవేరిందని నమస్కరించాడు. ఆమె ఆశీర్వదించింది. ఇది నియమరూపంలో వచ్చిన విఘ్నం. నియమాన్ని ధిక్కరించకుండా, దానికి బలి కాకుండా, దానిలోనే ఒక ద్వారం వెదకడం ఇక్కడి పాఠం.

మూడవది సింహిక. నీడను పట్టి లాగే రాక్షసి ఆమె. ఉన్నట్టుండి తన వేగం తగ్గినప్పుడు స్వామి భయపడి కాళ్ళూ చేతులూ కొట్టుకోలేదు. ప్రక్కలకు, పైకి, క్రిందికి చూశాడు. కారణం క్రింద ఉన్నదని తెలుసుకున్నాడు. ఇటువంటి ప్రాణి ఒకటి ఉన్నదని సుగ్రీవుడు చెప్పిన మాట జ్ఞాపకం చేసుకున్నాడు. ఆపైన దాని మర్మస్థానాన్ని చీల్చి వధించాడు. ఇది కంటికి కనబడక లోలోపల లాగే విఘ్నం. అప్పు, దురలవాటు, అణచిపెట్టుకున్న రోగం ఈ కోవలోనివి. వీటితో మర్యాద పనికిరాదు. మూలం కనుగొని ఛేదించవలసిందే.

సింహిక వధ చూసిన ఆకాశచారులు స్వామిని ప్రశంసిస్తూ, నాలుగు గుణాలు కలవాడు ఏ కార్యంలోనూ కుంగిపోడని అన్నారు. ధృతి, దృష్టి, మతి, దాక్ష్యం అనేవి ఆ నాలుగూ. ధృతి అంటే చెదరని నిలుకడ. దృష్టి అంటే ఉన్నదానిని ఉన్నట్లు చూడడం. మతి అంటే ఆలోచించి ఉపాయం నిర్ణయించడం. దాక్ష్యం అంటే నిర్ణయించిన దానిని నేర్పుతో ఆచరించడం. ఈ నాలుగింటిలో బలం అన్న మాట లేకపోవడం గమనించదగినది. స్వామికి బలానికేమి కొదవ? అయినా ప్రశంస బలానికి దక్కలేదు.

లంకలో రెండు మార్లు నిరాశ

సముద్రం దాటినవాడు లంకలో దిగులుపడ్డాడు. అదీ ఒకసారి కాదు, రెండుసార్లు.

రావణుని అంతఃపురమంతా వెదకినా సీతమ్మ కనబడలేదు. శ్రమ అంతా వ్యర్థమైనదని హనుమ కుంగిపోయాడు. వెంటనే అనిర్వేదాన్ని, అనగా దిగులుపడకుండా ఉండడాన్ని, సకల శ్రేయస్సులకు మూలంగా తలచుకొని లేచాడు. లేచి మరల వెదకాడు. భూగృహాలు, చైత్యగృహాలు, ఒక్కటీ విడువలేదు. ఆ అంతఃపురంలో నాలుగంగుళాల చోటు కూడా మిగల్చకుండా వెదకాడని మహర్షి చెబుతాడు. అయినా సీతమ్మ కనబడలేదు.

రెండవసారి వచ్చిన నిరాశ మొదటిదానికంటె భయంకరమైనది. కనబడలేదని చెబితే రాముడు జీవించడు, ఆయన వెనుక లక్ష్మణుడు, భరతశత్రుఘ్నులు, తల్లులు, సుగ్రీవుడు, వానరకులం సమస్తం అంటూ మరణాల వరుసను మనస్సులో పేర్చుకున్నాడు. ప్రాయోపవేశం చేయాలా, అగ్నిలో ప్రవేశించాలా అన్నంతవరకు ఆలోచన పోయింది. అయితే ప్రాణత్యాగంలో దోషాలు అనేకమని, బ్రతికి ఉన్నవాడికే శుభం ఎదురవుతుందని తానే తేల్చుకొన్నాడు. అటు తరువాత ఆయన చూపు ఒక వనం మీద పడింది. పెద్ద పెద్ద వృక్షాలున్న ఈ అశోకవనాన్ని నేను ఇంకా వెదకలేదు కదా అనుకున్నాడు. దేవతలకు, సీతారామలక్ష్మణులకు నమస్కరించి ఆ వనం వైపు కదిలాడు. సీతాదర్శనం జరిగింది అక్కడనే.

ఇక్కడ సూక్ష్మం ఒకటి ఉన్నది. మొదటిసారి కలిగిన ధైర్యం ఆయనను లేపింది. కాని లేచి వెదకిన చోటు అంతఃపురమే. రెండవసారి ఆయనకు కొత్తగా దొరికినది ఒక ప్రశ్న. ఇంకా వెదకని చోటు ఏది? ధైర్యం మనిషిని నిలబెడుతుంది. నిలబడినవాడికి దిక్కు చూపేది ఆ ప్రశ్న. ఈ భేదం నాకు పుస్తకంలో కనబడలేదు, ఇంట్లో కనబడింది.

నా బొటనవ్రేలి కథ

నేను సంస్కృతోపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి పొందినవాణ్ణి. పింఛను తీసుకునేవారు తాము సజీవులమని ఏటా జీవన ప్రమాణ పత్రం సమర్పించవలసి ఉంటుంది. 2014లో కేంద్ర ప్రభుత్వం డిజిటల్ విధానం ఆరంభించిన తరువాత చాలా చోట్ల ఆ పని వ్రేలిముద్రతో జరుగుతున్నది. వయసు మీదపడిన కొద్దీ వ్రేలి గీతలు అరుగుతాయి. పైగా నాది యాభై ఏండ్లు గంధం తీసిన చేయి. ఒక ఏడు యంత్రం నా బొటనవ్రేలిని గుర్తించలేదు.

"మాస్టారూ, మీ వ్రేలు పడటం లేదు. రేపు రండి" అన్నారు అక్కడివారు. మరునాడు చేయి సబ్బుతో కడుక్కొని వెళ్ళాను. పడలేదు. మూడవసారి వ్రేలికి కొబ్బరినూనె పట్టించి వెళ్ళాను. పడలేదు. నాలుగవసారి కోపం పట్టుకొని వెళ్ళాను. అదీ పనిచేయలేదు. రెండు నెలల పింఛను ఆగిపోయింది.

నా సహధర్మచారిణికి నీటికాసుల వ్యాధి. ఎడమకంటి చూపు అప్పటికే పూర్తిగా పోయింది. కుడికంట మిగిలిన చూపు పోకుండా ప్రతిదినం చుక్కల మందు వేయాలి, ఒక్క పూట కూడా మానరాదని వైద్యుల ఆజ్ఞ. ఆ రెండు నెలలూ మందుల దుకాణంలో అరువు పెట్టాను. జీవితంలో ఎన్నడూ అరువడగని నేను ఆ దుకాణం ముందు తలవంచుకొని నిలబడ్డాను. రాత్రులు నిద్ర లేదు. పింఛను రాదు, అరువు పుట్టదు, మందు ఆగుతుంది, ఆమెకు ఉన్న ఒక్క కన్నూ పోతుంది అని వరుస పేర్చుకుంటూ కూర్చునేవాణ్ణి. పదమూడవ సర్గ కంఠస్థమైనవాణ్ణే, అందులోని మొదటి సగంలోనే ఆగిపోయాను.

ఒక సాయంకాలం కలికాలాన్ని గురించి, యంత్రాలను గురించి నేను చేస్తున్న ప్రసంగాన్ని ఓపికగా విని ఆమె అన్నది: "ఏమండీ, నాలుగుసార్లూ ఆ వ్రేలినే తీసుకొని వెళ్ళారు. మనిషి బ్రతికి ఉన్నాడని చెప్పడానికి ఆ వ్రేలు తప్ప ఇంకేమీ లేదా? వ్రేలు పడని ముసలివాళ్ళు ఊళ్ళో మీరొక్కరేనా? వాళ్ళంతా ఏం చేస్తున్నారో అడిగారా?"

అడగలేదు. నాలుగుసార్లూ నేను అడిగినది "నా వ్రేలు ఎందుకు పడదు?" అని మాత్రమే. ఆ ప్రశ్నకు సమాధానం వచ్చినా నా పని జరిగేది కాదు.

మరునాడు అదే కార్యాలయానికి వెళ్ళి, ప్రక్క బల్ల దగ్గరున్న యువ ఉద్యోగిని "నాయనా, వ్రేలిముద్ర పడనివారికి మార్గమేమిటి?" అని అడిగాను. కనుపాపతో గుర్తించే పద్ధతి ఉన్నదని, 2021 నుండి ఫోనులో ముఖాన్ని చూపి కూడా పత్రం పొందవచ్చునని, అదీ కుదరకపోతే అధికారి సంతకంతో కాగితపు పత్రం ఇవ్వవచ్చునని ఆ అబ్బాయి చెప్పాడు. తన ఫోనులోనే నా ముఖం చూపించమన్నాడు. పది నిమిషాలలో పని ముగిసింది. తరువాతి నెలలో బకాయితో సహా పింఛను వచ్చింది. మొట్టమొదట మందుల దుకాణం బాకీ తీర్చాను.

ఈ సంగతి మొదటిరోజే వారు చెప్పి ఉండవలసింది. వారి దోషం లేదని నేను అనను. కాని వారి దోషాన్ని రెండు నెలలు తలచుకున్నందువల్ల నాకు ఒరిగినదేమీ లేదు. అశోకవనం మొదటినుండీ అక్కడే ఉన్నది. నేను అంతఃపురంలోనే తిరుగుతున్నాను.

పరిష్కారం లేని చోట

ఒక హెచ్చరిక చేయకపోతే ఈ పాఠం అసంపూర్ణమవుతుంది. ప్రతి కష్టానికీ ఉపాయం ఉంటుందని, ఉపాయం దొరకనివాడు అసమర్థుడని ఎవరూ అనుకోకూడదు. నీటికాసుల వల్ల పోయిన చూపు తిరిగి రాదు. నా భార్య ఎడమకన్ను విషయంలో వెదకవలసిన చోటు ఏదీ మిగలలేదు. అటువంటి దుఃఖాన్ని భగవంతుని పాదాల చెంత పెట్టి భరించవలసిందే. ఆప్తులు దుఃఖంలో ఉన్నప్పుడు ఉపాయాలు చెప్పడం కంటె ప్రక్కన కూర్చోవడమే మేలు.

అయితే పోయిన కన్నును గురించిన ప్రశ్న ముగిసినా, ఉన్న కన్నుతో బ్రతుకు ఎలా సాగించాలన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఆమె వంటింటిలో పోపు దినుసుల డబ్బాలకు ఒక వరుస ఏర్పరచుకున్నది. ఆ వరుస ఎవరూ మార్చరాదు. నేను ఎప్పుడూ ఆమెకు కుడివైపునే నడుస్తాను. ఇవి చిన్న ఉపాయాలు. సురస నోటిలో దూరడానికి స్వామికి కావలసి వచ్చినదీ చిన్న రూపమే కదా!

ఆచరణ

విఘ్నం ఎదురైన రోజున స్వామి సన్నిధిలో దీపం వెలిగించి, ఒక కాగితం మీద ఈ నాలుగూ వ్రాసుకోండి.

ధృతి: ఈ రోజు కోపంలో గాని, భయంలో గాని ఏ నిర్ణయమూ చేయను. మనస్సు కుదుటపడేవరకు నామస్మరణ చేస్తాను.

దృష్టి: నాకు అడ్డుగా ఉన్నది సరిగ్గా ఏమిటి? ఒక్క వాక్యంలో వ్రాయాలి. అది మైనాకుడా, సురసా, సింహికా? గౌరవించి దాటవలసినదా, తగ్గి దాటవలసినదా, ఛేదించవలసినదా?

మతి: ఇంతవరకు ఏమి చేశాను? అందులో చేసినదే మరల మరల చేసినది ఏది? నేను ఇంకా వెదకని చోటు, ఇంకా అడగని మనిషి ఎవరు?

దాక్ష్యం: రేపు సూర్యాస్తమయంలోగా నేను వేయగల ఒక్క అడుగు ఏది?

నాలుగవది వ్రాసిన తరువాత నమస్కరించి లేవండి. స్వామి కూడా ముందు నమస్కరించి, ఆ తరువాతనే అశోకవనానికి వెళ్ళాడు. నమస్కారం చేసి అక్కడే కూర్చోలేదు, నమస్కరించకుండా వెళ్ళనూ లేదు. ప్రార్థనకు, ప్రయత్నానికి మధ్య ఉండవలసిన సంబంధం ఇదే.

ఈ సంవత్సరం కూడా నా బొటనవ్రేలు పడలేదు. ముఖం చూపించి ఇంటికి వచ్చాను. "స్వామి కార్యం అయిందా?" అని ఆమె అడిగింది. అయిందన్నాను. కుడికంట మందు చుక్క వేసి, ఇద్దరం సాయంకాలపు పారాయణకు కూర్చున్నాము.

సర్వేషాం స్వస్తిర్భవతు.