సందేశం నుంచి నిర్ధారణకు: వ్యవసాయ విస్తరణ కార్యకర్త మారుతున్న పాత్ర

1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం ప్రారంభమై, మరుసటి ఏడాది జాతీయ విస్తరణ సేవ ఏర్పడినప్పుడు గ్రామానికి ప్రభుత్వం పక్షాన వెళ్లిన వ్యక్తి గ్రామసేవకుడు. వ్యవసాయం అతని బాధ్యతల్లో ఒకటి మాత్రమే. పారిశుద్ధ్యం, వయోజన విద్య వంటివి కూడా అతని వంతే. డెబ్భైల మధ్యలో ప్రపంచ బ్యాంకు తోడ్పాటుతో, డేనియల్ బెనర్ రూపొందించిన శిక్షణ–సందర్శన పద్ధతి మన దేశంలో ప్రవేశించి, కార్యకర్తను వ్యవసాయానికే పరిమితం చేసింది. పక్షానికొకసారి శిక్షణ, నిర్ణీత రోజున నిర్ణీత గ్రామ సందర్శన, ఎంపిక చేసిన సంప్రదింపు రైతు ద్వారా మిగిలిన వారికి సందేశం: ఇదీ దాని స్వరూపం. నీటి వసతి గల వరి, గోధుమ ప్రాంతాల్లో ఇది పనిచేసింది. అక్కడ వంగడం, ఎరువు మోతాదు, నాటు సమయం చాలావరకు అందరికీ ఒకటే కనుక సందేశమూ ఒకటే సరిపోయింది. వాన ఏ వారం పడుతుందో తెలియని అనంతపురం వేరుశనగ చేలో అదే పక్షవారీ సందేశం తరచు ఆలస్యంగానో, అసందర్భంగానో చేరేది.

ఈ పద్ధతి వెనుక ఉన్న భావన ఏమిటంటే, జ్ఞానం పరిశోధనా స్థానంలో ఉంటుంది, దాన్ని మోసుకుపోయి అందించేవాడే విస్తరణ కార్యకర్త. పద్ధతి తెరమరుగైనా ఈ భావన మన పాఠ్యాంశాల నుంచి పూర్తిగా పోలేదని నా అభిప్రాయం.

రైతు మాత్రం మన కోసం ఆగలేదు. 2003లో జాతీయ నమూనా సర్వే సంస్థ 59వ విడతలో సేకరించిన వివరాల ప్రకారం, దేశంలో ఏదో ఒక వనరు నుంచి ఆధునిక సాంకేతిక సమాచారం పొందిన రైతు కుటుంబాలు సుమారు 40 శాతం. తోటి అభ్యుదయ రైతుల నుంచి పొందినవి దాదాపు 17 శాతం, ఎరువులు, మందుల విక్రేతల నుంచి 13 శాతం. విస్తరణ కార్యకర్త నుంచి పొందినవి 6 శాతం కూడా లేవు. హైదరాబాదులోని మేనేజ్ సంస్థ విక్రేతల కోసం అదే సంవత్సరం ‘దేశీ’ డిప్లొమా కోర్సు ప్రారంభించడం సముచితమే. అయితే సలహా ఇచ్చేవాడే మందు అమ్మేవాడైనప్పుడు, ‘ఏ మందూ అవసరం లేదు’ అన్న సలహా రావడం కష్టం. ఆ మాట నిర్భయంగా చెప్పగలవాడు ప్రభుత్వ విస్తరణ కార్యకర్త ఒక్కడే. నేడు అతని ప్రధాన ప్రయోజనం అదే.

ఆ మాట చెప్పాలంటే మాత్రం నిర్ధారణ తెలిసి ఉండాలి. నాటిన మూడు వారాలకు వరి ఎర్రబడిందని రైతు వచ్చాడనుకుందాం. జింకు లోపం కావచ్చు, టుంగ్రో వైరస్ కావచ్చు, మురుగు నీరు పోక వేరు దెబ్బతిని ఉండవచ్చు. జింకు లోపమైతే పైనుంచి మూడు, నాలుగు ఆకుల్లో మధ్య ఈనె మొదలు వద్ద పాలిపోతుంది. ముదురు ఆకులపై తుప్పు రంగు మచ్చలు వస్తాయి. ఆకు పెళుసై, వంచితే శబ్దం చేస్తూ విరుగుతుంది. టుంగ్రోలో ఆకులు పసుపు నుంచి నారింజ రంగుకు మారి మొక్క గిడసబారుతుంది, దుబ్బుల మధ్య పచ్చదోమ కనిపిస్తుంది. కనుక మందు పేరు చెప్పేముందు అడగవలసినవి చాలా ఉన్నాయి. ఏ ఆకు? మడి అంతటా ఉందా, అక్కడక్కడానా? భాస్వరం ఎంత వేశారు? కిందటి పంటలకు జింకు వేశారా? పక్క మడి ఎలా ఉంది? జింకు లోపమే అయితే లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు చొప్పున ఐదు రోజుల వ్యవధిలో రెండు మూడు సార్లు పిచికారీ చేస్తే చాలు. దాన్ని పురుగుమందులతో కలపరాదు. అడగకుండా చెప్పిన సలహా సాధారణంగా ఒక పురుగుమందు, ఒక తెగులు మందు కలిపిన మిశ్రమంగా ముగుస్తుంది. ఖర్చు సంగతి అలా ఉంచితే, పిలకల దశలో పోయిన పది రోజులు పైరుకు తిరిగి రావు.

తెలిసిన సమస్యకే ఇంత నైపుణ్యం కావాలి. తెలియని సమస్య వచ్చినప్పుడు పరీక్ష మరింత కఠినం. 2021లో ఉభయ తెలుగు రాష్ట్రాల మిరప తోటల్లో కొత్త రకం నల్ల తామర పురుగు విజృంభించింది. ఇది మన దేశంలో 2015లోనే బెంగళూరు వద్ద బొప్పాయిపై నమోదైనది. మనకు అలవాటైన తామర పురుగు లేత ఆకులను గీకి పై ముడత కలిగిస్తే, ఇది ఎక్కువగా పూలలో చేరి పూత రాల్చింది. రైతులు వెంటవెంటనే మందులు మార్చి కొట్టారు. సింథటిక్ పైరిత్రాయిడ్ల వంటివి వాడిన చోట మిత్ర పురుగులు నశించి పరిస్థితి మరింత దిగజారింది. ఆ రోజుల్లో ఒక గ్రామసభలో యువ అధికారి ఒకరు లేచి, “దీనికి కచ్చితంగా పనిచేసే మందు ఇప్పటికి మా దగ్గర లేదు. నీలిరంగు జిగురు అట్టలు పెట్టండి, నత్రజని తగ్గించండి, పైరిత్రాయిడ్లు ఆపండి. వారంలో మళ్లీ వచ్చి పూలు దులిపి లెక్కిద్దాం” అన్నాడు. వేదికపై ఉన్న మాలో కొందరికి ఆ మాట ఇబ్బంది కలిగించింది. వెనుక వరుస నుంచి ఒక రైతు, “ఈ ముక్క నెల ముందు చెప్పుంటే నాకు నాలుగు పిచికారీల డబ్బు మిగిలేది సారూ” అన్నాడు. తెలియదని ఒప్పుకోవడం, తెలిసినంతలో హాని తగ్గించడం, తిరిగి వచ్చి చూడడం కూడా నైపుణ్యాలేనని నాకు ఆనాడే స్పష్టమైంది. మా తరానికి ఎవరూ వీటిని నేర్పలేదు.

ఇందుకు కావలసింది సమయం. ఆంధ్రప్రదేశ్‌లో 2020 మే 30న ప్రారంభమై ప్రస్తుతం రైతు సేవా కేంద్రాలుగా పిలుస్తున్న వ్యవస్థ, తెలంగాణలో సుమారు ఐదు వేల ఎకరాలకు ఒక విస్తరణాధికారి చొప్పున ఏర్పడిన క్లస్టర్లు, రైతు వేదికలు వ్యవసాయ విద్య చదివినవారిని చేను గట్టుదాకా తెచ్చాయి. గ్రామసేవకుని కాలంలో ఇది ఊహకందని విషయం. కానీ వారి రోజులో పెద్ద భాగం పంట నమోదుకు, పథకాల జాబితాలకు, కొనుగోలు పనులకు పోతున్నది. ఈ పనులు వృథా అనలేము. నమోదులో కౌలు రైతు పేరు లేకపోతే పంట నష్టపరిహారం అందడం కష్టమవుతుంది, పండించిన ధాన్యం అమ్ముకోవడంలోనూ చిక్కులు వస్తాయి. ఆ పేరు రాయించగలగడం విస్తరణలో భాగమే. నా అభ్యంతరం ఇంతే: నమోదు కోసం చేనుకు వెళ్లినవాడు ఫొటో తీసుకుని వెనుదిరగకుండా, మడిలోకి దిగి నాలుగు దుబ్బులు తట్టి చూసే వ్యవధి ఉండాలి. వరి సుడిదోమ దుబ్బు మొదట్లో ఉంటుంది, గట్టు మీద నుంచి తీసిన ఫొటోలో కనబడదు. వాట్సాప్‌లో వచ్చే చిత్రాలకూ ఈ పరిమితి వర్తిస్తుంది. చిత్రం ప్రశ్నలకు మొదలుగా ఉపయోగపడుతుంది, నిర్ధారణకు చాలదు.

రైతు ఉత్పత్తిదారుల సంస్థలు, విపణి, పంటల బీమా వంటి రంగాల్లోనూ కార్యకర్తకు ప్రాథమిక పరిజ్ఞానం అవసరమే. కానీ ఒకే వ్యక్తి అన్నింటిలో నిపుణుడు కావాలనడం గ్రామసేవకుని నాటి పొరపాటును పునరావృతం చేయడమే. ఎవరిని అడగాలో తెలిసి ఉంటే చాలు. అంతకంటే ముఖ్యమైన లోటు మరొకటి ఉంది. మిరప కోత, వరి నాట్లు, పత్తి ఏరివేత చేసేది ఎక్కువగా స్త్రీలు. పురుగును ముందుగా చూసేది వారే. సమావేశానికి వచ్చేది మాత్రం పురుషులు. మధ్యాహ్నం అన్నాల వేళ చేను గట్టున పది నిమిషాలు కూలీలతో మాట్లాడే కార్యకర్తకు, సమావేశంలో వినబడని సమాచారం దొరుకుతుంది.

బోధన విషయానికి వస్తే, గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో విద్యార్థిని మనం ఎక్కువగా నివేదిక, చార్టులు, ప్రసంగం ఆధారంగా అంచనా వేస్తున్నాం. దీనికి ఒక మార్పు సూచిస్తున్నాను. ప్రతి విద్యార్థి తనకు కేటాయించిన రైతు చేలో ఒక సమస్యను ఎంచుకుని, అడిగిన ప్రశ్నలను, రైతు సమాధానాలను వరుసగా రాయాలి. తాను ముందు ఏమనుకున్నాడో, ఏ సమాధానం తర్వాత అభిప్రాయం మార్చుకున్నాడో నమోదు చేయాలి. పదిహేను రోజుల తర్వాత అదే చేనుకు తిరిగి వెళ్లి ఫలితం చేర్చాలి. నిర్ధారణ తప్పయినా, తప్పు ఎక్కడ జరిగిందో గుర్తించినవారికి పూర్తి మార్కులు ఇవ్వాలి. పరీక్షకుడు ఆ రైతునూ కలిసి, “ఈ పిల్లవాడు మీరు చెప్పింది విన్నాడా?” అని అడగాలి. ఈ సమాధానానికి ఎన్ని మార్కులు కేటాయించాలన్నది విస్తరణ విభాగాల సహాధ్యాపకులు కలిసి చర్చించవలసిన విషయం. నా ప్రతిపాదన, మొత్తంలో నాలుగో వంతు.