మహా రేడియో గెలాక్సీ: నాభి చెప్పు సాక్ష్యము

తెలుగు బోధించు మేము ఖగోళమును గూర్చి వ్రాయుట కొందఱికి వింతగా తోచవచ్చును. మమ్ము ఇటు లాగినది "నాభి" అను మాట. బండిచక్రపు ఆకులన్నియు కూడుచోటు నాభి. మన ఉర్దూ మిత్రులు "మర్కజ్" అందురు.

1974లో నెదర్లాండ్స్ దేశపు వెస్టర్‌బోర్క్ రేడియో దూరదర్శినితో విల్లిస్, స్ట్రోమ్, విల్సన్ అను శాస్త్రజ్ఞులు 3సి 236 అను గెలాక్సీ యొక్క నిజమైన విస్తృతిని వెల్లడించిరి. దానికి ఇరువైపుల రెండు రేడియో మేఘములు గలవు. ఈ కొన నుండి ఆ కొనకు సుమారు ఒకటిన్నర కోటి కాంతి సంవత్సరములు. అంత దూరమున నున్నను ఆకాశమున అది పూర్ణచంద్రుని కంటె వెడల్పు. (2024లో ప్రకటింపబడిన పోర్ఫిరియన్ దీనిని మించినది, దాని మాతృగెలాక్సీని గుర్తించుటకు పుణె చేరువనున్న మన జి.ఎం.ఆర్.టి. తోడ్పడినది.)

ఇంతటి దానికి నాభి యెంత? సుమారు ఆరున్నర వేల కాంతి సంవత్సరములు. ఆకాశమున ఒక వికల, అనగా డిగ్రీలో 3600వ వంతు. రూపాయి నాణెమును ఐదు కిలోమీటర్ల దూరమున నిలిపి చూచినట్లు! అందు మరల వివరములు వెదకవలెను.

ఇచటనే చిక్కు. తరంగము ఎంత పొడవైనదో, దానిని పట్టు సాధనము అంత వెడల్పు కావలెను. 25 మీటర్ల పళ్లెముతో 21 సెంటీమీటర్ల తరంగమును పట్టినచో అర డిగ్రీ మేర అంతయు ఒకే మసకగా తోచును. కావున వేర్వేరు ఖండములందలి దూరదర్శినులను ఒకేసారి అటు త్రిప్పి, పరమాణు గడియారములతో కాలము గుర్తించి, ఆ సంకేతములను పిమ్మట కలుపుదురు. ఆరువేల కిలోమీటర్ల ఎడముతో వికలలో నూఱవ వంతుకంటె సూక్ష్మమైన భేదము తెలియును. మా దృష్టిలో ఈ ఉపాయము గెలాక్సీ కంటె తక్కువ అద్భుతము కాదు.

అట్లు చూడగా నాభియందును రెండు వైపుల విస్తరించిన చిన్న ఆకృతియే కనబడినది. అది చాచిన దిశ వెలుపలి మేఘముల దిశతో దాదాపు కలియును. వెలుతురుకంటె వేగముగా ఏదియు పోజాలదు గనుక, ఆ దూరపు మేఘములు కనీసము లక్షలాది ఏండ్లనాటివి. లోపలిది సుమారు లక్ష ఏండ్లదని అంచనా. నాభిలోని కృష్ణబిలము తన భ్రమణాక్షమును మార్చుకొనక యుండుటచే పాత దిశ నిలిచినదని శాస్త్రజ్ఞుల భావన.

మఱి నడుమ నేమైనది? హబుల్ దూరదర్శిని ఆ గెలాక్సీయందు ధూళిచక్రమును, దాని అంచున కొత్తగా పుట్టిన నక్షత్రముల గుంపులను చూపినది. కృష్ణబిలమునకు ఆహారమైన వాయువు ఒకప్పుడు ఆగి, కోటి ఏండ్ల మేరకు నాభి నిద్రించి, మరల వాయువు చేరగా మేల్కొన్నదని 2001లో ఒక పరిశోధక బృందము ప్రతిపాదించినది.