బయటి యూనిట్ గుయ్యిమంటోంది, కంప్రెసర్ పోయినట్టేనా?

ప్రశ్న: మాది ఒకటిన్నర టన్నుల స్ప్లిట్ ఏసీ, ఇన్వర్టర్ కాదు. ఆన్ చేయగానే లోపలి యూనిట్ టకటకమంటుంది. వారం నుంచి బయటి యూనిట్ కాసేపు గుయ్యిమని, టక్కున ఆగిపోతోంది. గది చల్లబడటం లేదు. కంప్రెసర్ పోయిందా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అప్పుడే కంప్రెసర్ మీద ఆశ వదులుకోకండమ్మా. లోపలి టకటకకు భయపడక్కర్లేదు. చల్లదనానికి ప్లాస్టిక్ బాడీ ముడుచుకుంటూ చేసే చప్పుడది.

పట్టించుకోవలసింది బయటి మోతనే. కంప్రెసర్ తిరగబోయి తిరగలేకపోతే ఇలాగే గుయ్యిమంటుంది. వేడెక్కగానే ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్ దాన్ని ఆపేస్తుంది. మీలాంటి ఏసీల్లో చాలాసార్లు కెపాసిటర్ బలహీనపడటమే దీనికి కారణం. వోల్టేజీ బాగా పడిపోయినా ఇదే జరుగుతుంది కాబట్టి, మోత వచ్చేటప్పుడు స్టెబిలైజర్ మీద అంకె చూడండి. పదేపదే ఆన్ చేసి మాత్రం చూడొద్దు. వైండింగ్ కాలితే వందలతో పోయేది వేలకు ఎక్కుతుంది.

ఎంసీబీ ఆపి మెకానిక్‌ను పిలవండి. కంప్రెసర్ మార్చాలని ఆయన అనగానే ఒప్పుకోకండి. ముందు కెపాసిటర్‌ను మీటర్‌తో కొలిపించండి. దాని మీద ముద్రించిన మైక్రోఫారడ్ విలువ కన్నా బాగా తక్కువ చూపిస్తే మార్చాల్సింది దాన్నే. బయటి యూనిట్ మూత మీరు విప్పే ప్రయత్నం దయచేసి చేయొద్దు. కరెంటు ఆపాక కూడా కెపాసిటర్‌లో ఛార్జి నిలిచి ఉంటుంది, ప్రాణం మీదకు వస్తుంది.

కెపాసిటర్, వోల్టేజీ రెండూ సరిగ్గా ఉండి కూడా మోత ఆగకపోతే, అప్పుడు కంప్రెసర్ బిగుసుకుపోయిందేమో చూడాలి.

ఎప్పుడైనా ఆగకుండా బుస్సుమనే శబ్దం వస్తూ లోపలి కాయిల్ మీద మంచు కడితే గ్యాస్ లీకును అనుమానించండి. లీకు మూయకుండా గ్యాస్ నింపించడం డబ్బు దండగ.