పొగ గొట్టం మూతి దగ్గర నల్ల మరక

పాత మోటారు సైకిళ్లు మన ఊళ్లలో ఇంకా తిరుగుతున్నాయి. రాజ్‌దూత్, యెజ్డీ, యమహా ఆర్‌ఎక్స్ 100. ఈ పేర్లు చాలామందికి తెలుసు. పాత యెజ్డీ బండ్లు మైసూరులో తయారయ్యేవి. ఆ కార్ఖానా 1996లో మూతపడింది. ఆర్‌ఎక్స్ 100 బండి 1985లో వచ్చింది. దాని తయారీ కూడా 1996లోనే ఆగిపోయింది. అయినా వాటి మీద పాల క్యాన్లు పోతున్నాయి. కూరగాయల మూటలు పోతున్నాయి. బండి ఆగితే ఆ రోజు కూలి ఆగినట్టే.

ఇవన్నీ రెండు స్ట్రోకుల బండ్లు. వీటికి తరచుగా వచ్చే జబ్బు ఒకటుంది. సైలెన్సరు గొట్టం ఇంజనుకు తగిలే చోట నల్లగా జిడ్డు కారుతుంది. అది ఎందుకు కారుతుంది? ఏం చెయ్యాలి? తెలుసుకుందాం.

పిస్టనే తలుపు

ఇంజనులో ఒక గుండ్రని గది ఉంటుంది. దాన్ని బోరు అంటారు. బోరులో పిస్టను పైకీ కిందికీ ఆడుతుంది. బోరు గోడకు కన్నాలు ఉంటాయి. పెట్రోలు, గాలి కలిసి ఒక దారిన లోపలికి వస్తాయి. కాలిన పొగ ఇంకో కన్నం గుండా బయటికి పోతుంది.

ఇప్పటి నాలుగు స్ట్రోకుల బండ్లలో పొగ దారికి వాల్వు ఉంటుంది. అది తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. ఈ పాత బండ్లలో అలాంటి వాల్వు లేదు. పిస్టనే తలుపు. పిస్టను కిందికి దిగితే పొగ కన్నం తెరుచుకుంటుంది. పైకి లేస్తే మూసుకుంటుంది.

ఆ కన్నానికి బయట సైలెన్సరు గొట్టం బిగిస్తారు. ఎంత బిగించినా మధ్యలో సన్నని సందు ఉంటుంది. ఆ సందు మూయడానికి ఒక రింగు పెడతారు. దాన్నే ప్యాకింగ్ అంటారు. వేడికీ అదురుకూ ప్యాకింగ్ నలిగిపోతుంది. అప్పుడు పొగ పక్కనుంచి తన్నుకొస్తుంది. ఈ బండ్లలో పెట్రోలుతో పాటు ఆయిలు కూడా కాలుతుంది. పూర్తిగా కాలని ఆయిలు మసితో కలిసి నల్లగా కారుతుంది. అదే ఆ మరక.

ఇంజను విప్పాలా?

ఒక ఊళ్లో పాలు పోసే అతని బండికి ఇలాగే జిడ్డు కారింది. ఫట్ ఫట్ మని చప్పుడు వచ్చింది. లాగుడు కూడా కొంచెం తగ్గింది. "ఇంజను పోయింది. మొత్తం విప్పాలి. నాలుగు వేలు తెచ్చుకో" అన్నారెవరో. నాలుగు వేలంటే మాటలా? గేదె దాణా డబ్బు తీసి ఇద్దామనుకున్నాడు.

అతని భార్య సాయంత్రం బడిలో చదువు నేర్చుకుంది. ఆమె ఒప్పుకోలేదు.

"ఏమయ్యా, ముందు కారేది ఎక్కడో చూడు. కుండకు చిల్లి పడితే పొయ్యి పగలగొడతామా?" అంది.

ఇద్దరూ పెద్ద మేస్త్రీ దగ్గరికి వెళ్లారు. మేస్త్రీ గుడ్డతో మరక తుడిచాడు. గొట్టం మూతి చుట్టూ సబ్బు నీళ్లు రాశాడు. బండి చల్లగానే ఉంది. ఒక్క కిక్ కొట్టాడు. గొట్టం మూతి దగ్గర బుడగలు వచ్చాయి.

"ఇంజనుకేం కాలేదమ్మా. ప్యాకింగ్ పోయింది. వెనక బోల్టు కూడా వదులైంది. అందుకే గొట్టం బరువంతా మూతి మీద పడుతోంది" అన్నాడు.

కొత్త ప్యాకింగ్ తెచ్చారు. పొట్లం మీద బండి పేరు ఉంది. ఆమె కూడబలుక్కుని చదివింది. అది వేరే బండిది! వెంటనే మార్చుకొచ్చారు. గంటలో పని అయిపోయింది.

బాగు చేసే పద్ధతి

1. ఇంజను పూర్తిగా చల్లారనివ్వండి. వేడి సైలెన్సరు చర్మాన్ని ఊడదీస్తుంది. బండిని ఆరుబయట పెద్ద స్టాండు వెయ్యండి.

2. నట్లు తుప్పు పట్టి ఉంటే కిరసనాయిలు పొయ్యండి. కాసేపు ఆగండి. బలవంతంగా తిప్పితే స్టడ్ విరిగిపోతుంది. అప్పుడు చిన్న పని పెద్ద పని అవుతుంది.

3. సరైన పానాతో ముందు నట్లు, వెనక బోల్టు విప్పండి. కొన్ని బండ్లకు ముందు రెండు నట్లు ఉంటాయి. కొన్నింటికి ఒకటే పెద్ద గుండ్రని నట్టు ఉంటుంది. దానికి వేరే పానా కావాలి. సుత్తితో కొట్టకండి.

4. గొట్టం తీశాక కిక్ రాడ్డును చేత్తో మెల్లగా నొక్కండి. పిస్టను పైకి వచ్చి పొగ కన్నాన్ని మూస్తుంది. అప్పుడు మసి లోపల పడదు.

5. పాత ప్యాకింగ్ తియ్యండి. ఒక్కోసారి ఒకదాని మీద ఒకటి రెండు ఉంటాయి. రెండూ తియ్యాలి. కొన్ని పాత ప్యాకింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. దాని దుమ్ము ఊపిరితిత్తులకు హాని. అందుకని నీళ్లతో తడిపి తియ్యండి. నోటితో ఊదకండి.

6. కర్ర ముక్కతో మసి గీకండి. స్క్రూడ్రైవరుతో గీకితే గాట్లు పడతాయి. గాట్లలోంచి మళ్లీ పొగ వస్తుంది.

7. కొత్త ప్యాకింగ్ పెట్టండి. అట్టముక్క, సైకిలు ట్యూబు ముక్క పెట్టకండి. అవి కాలిపోతాయి.

8. ముందు అన్నీ చేత్తోనే ఎక్కించండి. తర్వాత ముందు నట్లు బిగించండి. రెండుంటే ఇది కొంచెం, అది కొంచెం బిగించాలి. చివరగా వెనక బోల్టు బిగించండి.

9. కొంతదూరం నడపండి. బండి చల్లారాక నట్లు ఇంకోసారి చూడండి. కొత్త ప్యాకింగ్ వేడికి కుదురుకుంటుంది. నట్లు వదులవుతాయి.

మళ్లీ కారుతోందా?

అయితే ఆయిలు ఎక్కువ పోస్తున్నారేమో చూడండి. రాజ్‌దూత్, పాత యెజ్డీ బండ్లకు పెట్రోలులోనే ఆయిలు కలపాలి. ఎంత కలపాలో బండి పుస్తకంలో ఉంటుంది. 40 లీటర్లకు 1 లీటరు అని ఉందనుకోండి. అప్పుడు 5 లీటర్ల పెట్రోలుకు 125 మిల్లీలీటర్లు చాలు. చేతి అందాజుగా పొయ్యకండి. ఎక్కువైతే పొగ, మసి పెరుగుతాయి. తక్కువైతే పిస్టను పట్టేస్తుంది. ఆర్‌ఎక్స్ 100కు ఆయిలు డబ్బా వేరుగా ఉంటుంది. పంపు తనే తీసుకుంటుంది. డబ్బా ఖాళీ కాకుండా చూసుకోవాలి.

గేరు ఆయిలు తగ్గిపోతూ, తెల్లటి పొగ దట్టంగా వస్తుంటే అది వేరే జబ్బు. ఇంజను లోపల ఇరుసుకు రెండు వైపులా ఆయిలు సీళ్లు ఉంటాయి. క్లచ్ వైపు సీలు అరిగితే గేరు ఆయిలు లోపలికి పోయి కాలుతుంది. మాగ్నెట్ వైపు సీలు అరిగితే బయటి గాలి లోపలికి పోతుంది. యాక్సిలేటరు వదిలినా ఇంజను పరుగు తగ్గదు. అలాగే నడిపితే పిస్టను కాలిపోవచ్చు. ఈ పని తెలిసిన మేస్త్రీకే ఇవ్వండి. కొత్త సీలు మీద అంకెలు చూడండి. 20, 35, 7 అని ఉంటే లోపలి కొలత 20, బయటి కొలత 35, మందం 7 మిల్లీమీటర్లు. పాతదాని అంకెలు, కొత్తదాని అంకెలు ఒకటేనా? కలిపి చూసుకోండి.

ఇది మరిచిపోకండి

ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలుపులు మూసిన గదిలో బండి స్టార్ట్ చేసి ఉంచితే ప్రాణం పోతుంది. వానాకాలమైనా, చలికాలమైనా బండిని బయటే స్టార్ట్ చెయ్యండి. తలనొప్పి, వాంతి, కళ్లు తిరగడం మొదలైతే వెంటనే గాలిలోకి రండి. పడిపోయిన మనిషిని గాలిలోకి తెచ్చి 108కి ఫోను చెయ్యండి.

చెప్పండి

1. పాత రెండు స్ట్రోకుల బండిలో పొగ దారికి తలుపు ఏది?
2. సబ్బు నీళ్లతో ఏం తెలుస్తుంది?
3. పాత ప్యాకింగ్ తడిపి ఎందుకు తియ్యాలి?
4. 40 లీటర్లకు 1 లీటరు లెక్కన, 4 లీటర్ల పెట్రోలుకు ఎన్ని మిల్లీలీటర్ల ఆయిలు?

చెయ్యండి

మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉన్న బండి దగ్గరికి వెళ్లండి. సైలెన్సరు మూతి దగ్గర మరక ఉందా? చూడండి. ఆయిలు డబ్బా మీద రాసింది చదవండి. చదివింది నోటుబుక్కులో రాయండి.